ఎసెక్స్ ఓడ, 1820: దగ్గర్లో దీవులుండగా అంత దూరం ఎందుకు పోయారు?

కడలికెరటం (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్తే. పదిహేను రోజులుగా ఎసెక్స్ ఓడ గురించే చదువుతున్నాను. రాత్రి పడుకున్నా అదే గుర్తొస్తోంది. తెలియనివాళ్ల కోసం ముందు జరిగింది చెప్పి, తర్వాత నా ప్రశ్న అడుగుతాను.

అమెరికా తూర్పు తీరంలో నాంటకెట్ అని ఒక చిన్న దీవి. ఆ రోజుల్లో ఆ ఊరి బతుకంతా తిమింగలాల వేట మీదే. స్పెర్మ్ తిమింగలం తలలో దొరికే నూనెకి గొప్ప గిరాకీ. దీపాలకి, కొవ్వొత్తులకి, యంత్రాలకి అదే. దగ్గరి సముద్రాల్లో తిమింగలాలు తగ్గిపోయాక ఓడలు దక్షిణ అమెరికా కొస చుట్టి పసిఫిక్‌లోకి పోయేవి. రెండుమూడేళ్లు ఇంటి ముఖం చూడరు. ఎసెక్స్ 1819 ఆగస్టు 12న బయల్దేరింది. 87 అడుగుల పాత ఓడ. ముప్పై నిండని జార్జ్ పొలార్డ్‌కి కెప్టెన్‌గా అదే మొదటి ప్రయాణం. ఫస్ట్ మేట్ (కెప్టెన్ తర్వాతి అధికారి) ఓవెన్ చేజ్ ఆయనకన్నా చిన్నవాడు. కేబిన్ బాయ్ థామస్ నికర్సన్‌కి 14 ఏళ్లు.

1820 నవంబర్ 20. భూమధ్యరేఖకి కాస్త దక్షిణంగా, చుట్టూ వేల మైళ్ల నీళ్లు. కెప్టెన్ పడవ, సెకండ్ మేట్ మాథ్యూ జాయ్ పడవ వేటలో ఉన్నాయి. చేజ్ పడవకి తిమింగలం తోక తగిలి చిల్లు పడింది. చిల్లులో కోట్లు కుక్కుకుని ఓడ దగ్గరికి తిరిగొచ్చి, పైన పెట్టుకుని సుత్తితో మరమ్మతు చేస్తున్నాడు. అప్పుడు ఒక పెద్ద మగ తిమింగలం వచ్చి ఓడని గుద్దింది. అది 85 అడుగులు ఉంటుందని చేజ్ అంచనా. కాసేపు పక్కనే ఉండి, దూరంగా వెళ్లి, తిరిగి ఇంకా వేగంగా వచ్చి ముందు భాగాన్ని గుద్దింది. కొద్ది నిమిషాల్లో ఓడ ఒక పక్కకి ఒరిగిపోయింది. కెప్టెన్ తన పడవలో తిరిగొచ్చి నోట మాట రాక కూర్చుండిపోయాడు. కాసేపటికి ఏమైందని అడిగితే, తిమింగలం గుద్ది పగలగొట్టిందని చేజ్ చెప్పాడు.

అప్పటికి ఎవరికీ ప్రాణహాని లేదు. 20 మంది, మూడు పడవలు. పడమటి దిక్కున మార్కెసాస్ దీవులు సుమారు 1,200 మైళ్లు. అటు పోకుండా దక్షిణానికి దిగి, తూర్పుకి తిరిగి, దక్షిణ అమెరికా చేరాలని బయల్దేరారు. మొత్తం 4,000 మైళ్లకి పైనే అయింది. చివరికి బతికింది 8 మంది. నా ప్రశ్న ఇదే: ఎందుకలా చేశారు?

చరిత్రపిచ్చి

భయం వల్ల. ఆ దీవుల్లో మనుషుల్ని తినేవాళ్లుంటారని నావికుల్లో గట్టి నమ్మకం. పొలార్డ్ ఇంకాస్త దూరంలో ఉన్న సొసైటీ దీవులకి, అంటే తాహితీ వైపు పోదామన్నాడు. చేజ్, జాయ్ ఇద్దరూ అడ్డుపడ్డారు. అక్కడా ఏముంటుందో తెలియదన్నారు. హవాయి అంటే ఆ కాలంలో తుఫాన్లన్నారు. చివరికి కెప్టెన్ ఒప్పుకున్నాడు.

నా మనసుని పట్టేసిన సంగతి ఏంటంటే, తాహితీకి 1797లోనే ఇంగ్లండ్ నుంచి మిషనరీలు వచ్చారు. ఎసెక్స్ మునిగేనాటికి అక్కడ చర్చిలున్నాయి. ఆ కబురు వీళ్లకి అందలేదు. మనుషుల్ని తింటారని భయపడి దారి మార్చుకున్నవాళ్లకే చివరికి తోటివాళ్ల శరీరాలు తినాల్సిన గతి పట్టింది. రాయడానికే చేతులు రావడం లేదు.

దిక్సూచి

కెరటం గారూ, మంచి చర్చ మొదలుపెట్టారు. నేను మర్చంట్ నేవీలో 17 ఏళ్లుగా ఉన్నాను. భయం సంగతి నిజమే కానీ, గాలి సంగతి కూడా చూడాలి.

భూమధ్యరేఖకి దిగువన ఆగ్నేయం నుంచి వ్యాపార పవనాలు వీస్తాయి. అంటే గాలి మనిషిని పడమటికి తోస్తుంది. దక్షిణ అమెరికా తూర్పున ఉంది. తెరచాప పడవ గాలికి ఎదురు తిన్నగా పోలేదు. అందుకని చేజ్ లెక్క ఏంటంటే, ముందు దక్షిణంగా 1,500 మైళ్లు దిగితే గాలి మారుతుంది, అక్కడ తూర్పుకి తిరగొచ్చు. కాగితం మీద తప్పు లెక్క కాదు.

కానీ వాళ్ల పడవలు చూడండి. తిమింగలం వేటకి కట్టిన పడవలు. తేలిక, రెండు కొసలూ మొన తేలి ఉంటాయి, సన్నటి దేవదారు చెక్క. తెడ్లు వేసుకుని తిమింగలం మీదికి చప్పుడు లేకుండా పోవడానికి పుట్టినవి. ఓడ శిథిలం దగ్గరే రెండు రోజులుండి, చెక్కలూ మేకులూ పీక్కొచ్చి, అంచులు అర అడుగు పెంచుకున్నారు. కొయ్యలు నిలబెట్టి చాపలు కట్టారు. అయినా అలాంటి పడవ గాలికి పక్కకి జారిపోతూనే ఉంటుంది.

వాళ్లు మునిగింది సుమారు 119 డిగ్రీల పశ్చిమ రేఖాంశం దగ్గర. నెల తర్వాత కనపడ్డ హెండర్సన్ దీవి 128 డిగ్రీల దగ్గరుంది. అంటే తూర్పుకి పోవాలని బయల్దేరి, నెల రోజుల కష్టం తర్వాత ఇంకో 9 డిగ్రీలు పడమటికి జరిగారు. మ్యాప్ మీద ఆ రెండు చుక్కలు పెట్టినప్పుడు నాకు కడుపులో తిప్పినట్టయింది.

కొత్తపాఠకురాలు

నమస్కారమండీ, ఇక్కడ మొదటిసారి రాస్తున్నాను. తిమింగలం కావాలనే గుద్దిందంటారా? ఇంకోటి, చుట్టూ సముద్రమే కదా, చేపలు పట్టుకోలేకపోయారా?

కడలికెరటం

స్వాగతం అండీ. చేజ్ మాత్రం కావాలనే, పగతోనే గుద్దిందని చివరిదాకా నమ్మాడు. సుత్తి దెబ్బల చప్పుడు నీళ్లలో ఇంకో మగ తిమింగలం చేసే టక్‌టక్ శబ్దంలా వినపడి ఉంటుందని ఈమధ్య కొందరి ఊహ. ఊహే, రుజువు లేదు. కానీ ఇలా జరిగింది ఒక్కసారి కాదు. 1851లో యాన్ అలెగ్జాండర్ అనే ఓడనీ స్పెర్మ్ తిమింగలం ముంచింది. వాళ్ల అదృష్టం బాగుండి రెండు రోజుల్లోనే వేరే ఓడ ఎత్తుకుంది.

చేపల సంగతికొస్తే, నడిసముద్రం చాలాచోట్ల ఎడారిలాంటిదే. ఎగిరే చేపలు కొన్ని చాపకి తగిలి పడితే పచ్చివే తినేశారు. ఒకరోజు ఎండకి తాళలేక చేజ్ పడవలో ముగ్గురు నీళ్లలోకి దిగి అంచు పట్టుకుని వేలాడారు. పడవ అడుగున గవ్వల్లాంటివి అంటుకుని కనపడ్డాయి. గీరుకుని తిన్నారు. తర్వాత పైకెక్కే సత్తువ లేదు. ఈత రాదని పడవలోనే ఉండిపోయిన మిగతా ముగ్గురే వాళ్లని పైకి లాగారు.

డాక్టరమ్మ_కాకినాడ

ఆకలి కంటే ముందు దాహం గురించి చెప్పాలి. వాళ్ల దగ్గర సుమారు 600 పౌన్ల గట్టి బిస్కెట్లు, ఒక్కో పడవకి 65 గ్యాలన్ల నీళ్లు, గాలాపగోస్ దీవుల్లో పట్టుకున్న కొన్ని పెద్ద తాబేళ్లు ఉన్నాయి. మనిషికి రోజుకి ఒక బిస్కెట్, అర పింటు నీళ్లు. అర పింటంటే పావు లీటరు లోపే. ఎండలో, ఉప్పు గాలిలో.

మొదటి రోజుల్లోనే ఒక అల వచ్చి బిస్కెట్లు తడిపేసింది. పాడైపోతాయని ఎండబెట్టి ముందు వాటినే తిన్నారు. నీళ్లు ఆరిపోయాయి కానీ ఉప్పు అందులోనే ఉండిపోయింది. ఇక్కడే దెబ్బ తగిలింది. సముద్రపు నీళ్లలో ఉప్పు సుమారు 3.5 శాతం. మన కిడ్నీలు అంత చిక్కటి ఉప్పుని బయటికి పంపలేవు. ఆ ఉప్పుని తోయడానికి ఒంట్లో ఉన్న నీళ్లే ఖర్చు చేస్తాయి. అంటే ఆ బిస్కెట్ తిన్న ప్రతిసారీ వాళ్లు తాగిన పావు లీటరులోంచి కొంత వెనక్కి ఇచ్చేశారన్నమాట. నాలుక వాచిపోయి మాట రాని స్థితి వచ్చిందని చేజ్ రాశాడు. చదువుతుంటే నా డ్యూటీలో చూసిన వడదెబ్బ కేసులు గుర్తొచ్చాయి.

తీరంవాడు

డాక్టరమ్మ గారు చెప్పింది మా ఇంట్లో తెలిసిన సంగతే. మాది శ్రీకాకుళం వైపు. నా చిన్నప్పుడు మా నాన్న వాళ్ల బోటు ఇంజన్ చెడి మూడు రోజులు కొట్టుకుపోయింది. డ్రమ్ములో నీళ్లు మొదటి రోజు సాయంత్రానికే అయిపోయాయి. ఐసు పెట్టెలో కరిగిన నీళ్లు తాగారు. చేప జిగురు, రక్తం కలిసిన నీళ్లు. సరంగు మూతతో కొలిచి పోసేవాడట, తన వంతు ఆఖర్న. మా నాన్న ఇప్పటికీ ఇంట్లో గ్లాసులో నీళ్లు మిగిల్చి పారబోస్తే ఊరుకోడు. మూడు రోజులకే ఇలా అయితే, మూడు నెలలు ఎలా తట్టుకున్నారో నాకు ఊహకి అందడం లేదు అన్నా.

దిక్సూచి

తీరంవాడు తమ్ముడూ, నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు. సరంగు ఆఖర్న తాగడం అనేది ఏ ట్రైనింగూ నేర్పలేదు, అది మనిషిని బట్టే ఉంటుంది.

ఇప్పటి మా లైఫ్‌బోట్లలో మనిషికి 3 లీటర్ల నీళ్లు ఉండాలని నియమం. గాయపడ్డవాళ్లకి తప్ప మొదటి 24 గంటలు ఎవరికీ నీళ్లివ్వకూడదు, తర్వాత రోజుకి అర లీటరు అని మాకు నేర్పారు. ఆ అర లీటరులో కూడా సగం కంటే తక్కువతో వీళ్లు నెల రోజులు నడిపారు. మా బోటులో రేడియో బీకన్ ఉంటుంది, పైన కప్పు ఉంటుంది, ఎవరో వెతుక్కుంటూ వస్తారనే ధైర్యం ఉంటుంది. ఎసెక్స్ పోయిందని లోకంలో ఒక్కరికీ తెలియదు.

కడలికెరటం

డిసెంబర్ 20న హెండర్సన్ కనపడింది. వాళ్లు దాన్ని డ్యూసీ దీవి అనుకున్నారు. అది గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది. పగడపు రాయి, ముళ్ల పొదలు. పక్షులు, గుడ్లు, పీతలు దొరికాయి. నీళ్లు మాత్రం లేవు. వెతగ్గా వెతగ్గా, ఆటుకి సముద్రం వెనక్కి పోయినప్పుడు తేలే రాళ్ల మధ్య ఒక ఊట కనపడింది. పోటొస్తే అది సముద్రం కింద. రోజులో ఆ కాసేపే మంచినీళ్లు. పీపాలు తీసుకుని పరుగెత్తేవాళ్లు.

20 నోళ్లకి ఆ దీవి వారం కూడా చాల్లేదు. పక్షులు అయిపోయాయి. డిసెంబర్ 27న బయల్దేరారు. ముగ్గురు మాత్రం రామన్నారు: థామస్ చాపెల్, సెత్ వీక్స్, విలియం రైట్. ముగ్గురూ నాంటకెట్ వాళ్లు కాదు.

అక్కడికి 190 కిలోమీటర్ల దూరంలో పిట్‌కెయిర్న్ దీవి ఉంది. 1790 నుంచి అక్కడ మనుషులున్నారు. ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు, పంటలు పండించుకునేవాళ్లు. గాలి కూడా అటే. వీళ్లకి తెలియదు.

కొత్తపాఠకురాలు

190 కిలోమీటర్లా! అంటే విజయవాడ నుంచి రాజమండ్రి దాటి కాస్త ముందుకి. అయ్యో.

చరిత్రపిచ్చి

ఆ తర్వాతి కథ అందరూ ‘మనుషుల్ని తిన్నారు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నాకది నచ్చదు. ఒక్కొక్కరి పేరూ చెప్పాలి.

జనవరి 10న మాథ్యూ జాయ్ పోయాడు. బయల్దేరేటప్పటికే ఒంట్లో బాగాలేదు. ఆయన పడవని ఓబెడ్ హెండ్రిక్స్ తీసుకున్నాడు. జనవరి 12 రాత్రి గాలివానలో చేజ్ పడవ విడిపోయింది. చేజ్ పడవలో రిచర్డ్ పీటర్సన్ అని పెద్దాయన, నల్లజాతి నావికుడు. అందరి చేతా ప్రార్థన చేయించేవాడు. రోజుకి ఒకటిన్నర ఔన్సు బిస్కెట్, అంటే 42 గ్రాములు ఇస్తున్న రోజుల్లో ఆయన తన వాటా వద్దన్నాడు. న్యూయార్క్‌లో ఉన్న భార్యకి కబురు చెప్పమని జనవరి 20న కన్నుమూశాడు. ఆయన్ని సముద్రంలోకి వదిలారు. జాయ్‌నీ అలాగే సాగనంపారు.

మిగతా రెండు పడవల్లో జనవరి చివరికి లాసన్ థామస్, చార్లెస్ షార్టర్, ఐజయా షెపర్డ్, శామ్యూల్ రీడ్ ఒకరి తర్వాత ఒకరు పోయారు. బిస్కెట్లు అయిపోయాయి. వాళ్ల శరీరాలే మిగతావాళ్లకి తిండి అయ్యాయి. ఈ నలుగురూ నల్లజాతివాళ్లే. ఓడ మునిగినప్పుడు ఉన్న ఆరుగురు నల్లజాతి నావికుల్లో ఒక్కరూ ఇల్లు చేరలేదు. ఎవరో చంపారని కాదు, చంపారనడానికి ఆధారం లేదు. ఓడ ముందు భాగంలో ఉండే కూలీ నావికుల తిండి మొదటినుంచీ నాసి రకం. ఆకలి మొదలయ్యేటప్పటికే ఎవరి ఒంట్లో ఎంత నిల్వ ఉందన్నది వాళ్ల చేతిలో లేదు.

డాక్టరమ్మ_కాకినాడ

చరిత్రపిచ్చి గారి మాటకి వైద్యం వైపు నుంచి ఒక్క ముక్క. మొదట కరిగేది కొవ్వు. కొవ్వు తక్కువ ఉన్నవాడికి కండ కరగడం ముందే మొదలవుతుంది. ఇంకో సంగతి, కొవ్వు లేని మాంసం అరగాలంటే దాని వ్యర్థాన్ని బయటికి పంపడానికి నీళ్లు కావాలి. నీళ్లు లేనివాడికి అలాంటి మాంసం పెట్టినా బలం చాలా తక్కువే వస్తుంది. అంత ఘోరం చేసి కూడా వాళ్లకి దక్కింది కొద్దిగానే.

కడలికెరటం

ఇక నేను రాయలేక రాయలేక రాస్తున్నది. ఫిబ్రవరి మొదటి రోజుల్లో పొలార్డ్ పడవలో నలుగురు మిగిలారు. మిగతావాళ్లు బతకడానికి ఎవరు చావాలో తేల్చుకోవడానికి చీట్లు వేశారు. పొలార్డ్ పినతల్లి కొడుకు ఓవెన్ కాఫిన్‌కి పడింది. ఇరవై కూడా లేవు. కాల్చాల్సిన వంతు చార్లెస్ రామ్స్‌డెల్‌కి వచ్చింది, కాఫిన్‌కి స్నేహితుడు. కావాలంటే నీ బదులు నేనుంటానని పొలార్డ్ అన్నాడు. పిల్లవాడు ఒప్పుకోలేదు. ఆ తర్వాత కొన్ని రోజులకి బార్జిలాయ్ రే కూడా పోయాడు.

ఫిబ్రవరి 18న ఇండియన్ అనే బ్రిటిష్ ఓడ చేజ్‌ని, ఆయన పడవలోని బెంజమిన్ లారెన్స్, నికర్సన్‌లని ఎత్తుకుంది. 23న చిలీ తీరం దగ్గర డాఫిన్ అనే నాంటకెట్ ఓడకి పొలార్డ్, రామ్స్‌డెల్ దొరికారు. పడవ అడుగున కూర్చుని, తోటివాళ్ల ఎముకలు చేతిలో పట్టుకుని, పైనుంచి పిలిచినా వదలకుండా ఉన్నారట.

కొత్తపాఠకురాలు

ఆ తల్లి ముఖం పొలార్డ్ ఎలా చూశాడండీ? పినతల్లే కదా.

చరిత్రపిచ్చి

చూశాడు, తనే వెళ్లాడు. ఆమె మాత్రం తర్వాత ఆయన ఎదురుపడితే తట్టుకోలేకపోయిందని నికర్సన్ రాశాడు. ఊరు ఆయన్ని తప్పు పట్టలేదు. ఇంకో ఓడ కూడా ఇచ్చారు, టూ బ్రదర్స్. 1823 ఫిబ్రవరిలో హవాయి దీవులకి వాయవ్యంగా పగడపు దిబ్బకి గుద్దుకుని అదీ పోయింది. ఈసారి అందరూ బతికారు. కానీ ఆయనకి మళ్లీ తిమింగలాల ఓడ ఎవరూ ఇవ్వలేదు. మిగతా బతుకంతా నాంటకెట్‌లో రాత్రి కాపలాదారుగా గడిపాడు.

నా దృష్టిలో తప్పు చేజ్‌ది. తాహితీకి పోదామన్నది పొలార్డే.

దిక్సూచి

ఈ ఒక్క మాట ఒప్పుకోను అండీ. మేట్ పని సలహా చెప్పడం. ఆఖరి మాట కెప్టెన్‌ది. ఒప్పుకున్నాక ఆ నిర్ణయం ఆయనదే. పొలార్డ్ చెడ్డవాడని కాదు, మంచివాడు. కానీ నాంటకెట్ నుంచి బయల్దేరిన మొదటి వారంలోనే గాలివాన దెబ్బకి ఓడ పక్కకి పడిపోయి పడవలు పోయినప్పుడు, వెనక్కి పోయి బాగు చేయించుకుందామన్నది ఆయనే. అప్పుడూ మేట్లు వద్దంటే మానుకున్నాడు. తన లెక్క కరెక్టని తెలిసీ రెండుసార్లు తగ్గాడు. నేను చీఫ్ ఆఫీసర్‌గా పనిచేసిన ఒక ఓడలో కూడా ఇలాంటి కెప్టెన్ ఉండేవారు. అందరికీ ఆయనంటే ఇష్టం. వాతావరణం పాడైన రాత్రుల్లో మాత్రం మాకు టెన్షన్.

తీరంవాడు

దీవిలో ఉండిపోయిన ముగ్గురు ఏమయ్యారు?

కడలికెరటం

బతికారు తమ్ముడూ. చేజ్ వాళ్లు చిలీలోని వాల్పరైసో రేవు చేరాక అక్కడున్న అమెరికా యుద్ధనౌక అధికారులకి చెప్పారు. వాళ్లు ఆస్ట్రేలియా పోతున్న సర్రీ ఓడ కెప్టెన్ థామస్ రెయిన్‌ని చూసి రమ్మన్నారు. రెయిన్ డ్యూసీ దీవికి పోతే అక్కడ ఎవరూ లేరు. ముందు చెప్పాను కదా, వీళ్లు పేరు తప్పు అనుకున్నారు. ఆయన అక్కడితో వదిలేయలేదు. మ్యాప్ చూసి, ఇదే వరసలో ఇంకోటుంది, అదై ఉంటుందని హెండర్సన్‌కి వచ్చాడు. 1821 ఏప్రిల్. ఫిరంగి పేలిస్తే ముగ్గురూ పొదల్లోంచి బయటికొచ్చారు. అలల దెబ్బకి పడవ ఒడ్డుకి రాలేకపోయింది. చాపెల్ ఆ నీరసంతోనే ఈదుకుంటూ పోయాడు.

నాంటకెట్ మ్యూజియంలో ఒక చిన్న తాడు ముక్క ఉంది. చేజ్ పడవలో ఉన్న బెంజమిన్ లారెన్స్ ఆ రోజుల్లో పీచులు ఏరుకుని పేనింది. తిండి లేదు, నీళ్లు లేవు, వేళ్లు మాత్రం ఆడుతూ ఉన్నాయి. అది ఎప్పటికైనా కళ్లారా చూడాలని ఉంది.

కొత్తపాఠకురాలు

మూడో పడవ సంగతి ఎవరూ చెప్పలేదు?

దిక్సూచి

అది హెండ్రిక్స్ పడవ. జనవరి చివర్లో ఒక రాత్రి పొలార్డ్ పడవ నుంచి విడిపోయింది. ముగ్గురున్నారు: హెండ్రిక్స్, జోసెఫ్ వెస్ట్, విలియం బాండ్. మళ్లీ ఎవరికీ కనపడలేదు.

బాండ్ ఓడలో స్టీవార్డ్, అంటే అధికారుల కేబిన్ పనులు చూసేవాడు. ఎసెక్స్‌లోకి నీళ్లు పోటెత్తుతుంటే రెండుసార్లు కేబిన్‌లోకి దిగి రెండు క్వాడ్రంట్లు, రెండు నౌకాయాన పుస్తకాలు, కెప్టెన్ పెట్టె, చేజ్ పెట్టె పైకి తెచ్చింది ఆయనే. సూర్యుణ్ని కొలిచి ఎక్కడున్నామో తెలుసుకునే సాధనాలవి. అవి లేకపోతే మిగతా ఎవరూ దారి పట్టేవాళ్లు కాదు. ఉన్నవి రెండే కాబట్టి ఒకటి పొలార్డ్ పడవకి, ఒకటి చేజ్ పడవకి ఇచ్చారు. బాండ్ ఎక్కిన మూడో పడవకి మిగల్లేదు.